గ్రావెల్ క్వారీలు - పర్యావరణ నియంత్రణ: చట్టాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

రోడ్డు పునాదికి, ఇంటి నేల మెరకకు, కట్టల నిర్మాణానికి వాడే గ్రావెల్‌ను తెలుగు ప్రాంతాల్లో మొరం అని కూడా వ్యవహరిస్తారు. దీన్ని తీయడానికి లోతైన సొరంగాలతో పనిలేదు. పలుచోట్ల ఒక ఎక్స్‌కవేటరు, కొన్ని టిప్పర్లు ఉంటే పని సాగుతుంది. ఈ సౌలభ్యం వల్ల గ్రావెల్ తవ్వకం చిన్న వ్యవహారంగా కనిపిస్తుంది. భారతీయ చట్టాలు కూడా చాలాకాలం దానిని అలాగే చూశాయి. అవి ఒక్కొక్క గుంతను విడిగా కొలిచాయే కాని, ఒకే నేలపై చేరిన గుంతల ఉమ్మడి ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోపం ఏర్పడిన తీరును, దాన్ని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

‘చిన్న తరహా’ వర్గీకరణ:

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 3వ సెక్షన్ భవన నిర్మాణ రాళ్లు, సాధారణ బంకమట్టి, సాధారణ ఇసుకలతో పాటు గ్రావెల్‌ను చిన్న తరహా ఖనిజంగా పేర్కొంది. తవ్వకం వల్ల నేలకు కలిగే నష్టం ఈ వర్గీకరణకు ప్రాతిపదిక కాదు. 15వ సెక్షన్ ప్రకారం వీటిపై నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు దక్కింది. ఆంధ్రప్రదేశ్ చిన్న తరహా ఖనిజాల రాయితీ నియమాలు 1966లో ఆ అధికారంతోనే వెలువడ్డాయి.

పైమట్టిని వేరుగా తీసి భద్రపరచడం, తవ్విన నేలను పునరుద్ధరించడం, దుమ్మును, శబ్దాన్ని అదుపులో ఉంచడం వంటి బాధ్యతలను 1988 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు గనుల యజమానులపై ఉంచాయి. అయితే ఆ నియమాలు చిన్న తరహా ఖనిజాలకు వర్తించలేదు. పేరులోని ‘చిన్న’ అనే మాటే ఇక్కడ మినహాయింపుగా మారింది.

కొలతల చాటు మినహాయింపులు:

కార్మికుల భద్రత విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. గ్రావెల్ వంటి వదులు నేలలో గోడలను 45 డిగ్రీలకు మించని వాలుతో గాని, 1.5 మీటర్లకు మించని ఎత్తు గల మెట్లుగా గాని తవ్వాలని 1961 నాటి లోహ గనుల నిబంధనలు నిర్దేశించాయి. మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గకూడదు. అడుగుభాగాన్ని తొలిచిన నిట్టనిలువు గోడ, ముఖ్యంగా వానకు తడిసినప్పుడు, కింద పనిచేసేవారిపై ఒక్కసారిగా విరిగిపడుతుంది. మెట్ల నియమం ఉద్దేశం ఈ ప్రమాదాన్ని నివారించడమే.

కాని 1952 గనుల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, లోతు ఆరు మీటర్లు దాటని, రోజుకు యాభై మందికి మించి పనివారు లేని, పేలుడు పదార్థాలు వాడని బహిరంగ గ్రావెల్ గుంతలకు ఆ చట్టంలోని అధిక భాగం వర్తించేది కాదు. ఆరు మీటర్లంటే మూడు నిలువులకు పైమాటే. ఆ గోడ కింద నిలిచిన మనిషికి అది చిన్న గుంత కాదు.

పర్యావరణ అనుమతిదీ ఇదే కథ. 1994 జనవరి 27 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఐదు హెక్టార్లు మించిన ప్రధాన ఖనిజాల లీజులకే పరిమితమైంది. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ చిన్న తరహా ఖనిజాలనూ చేర్చుకున్నది కాని, ఐదు హెక్టార్ల లోపు లీజులను విడిచిపెట్టింది.

దీపక్ కుమార్ తీర్పు:

ఈ విడుపు పర్యవసానం హర్యానాలో బయటపడింది. 2011లో పంచకుల జిల్లాలో బండరాళ్లు, గ్రావెల్, ఇసుక క్వారీలకు వేలం ప్రకటన వెలువడినప్పుడు, ఒక్కొక్కటి 4.5 హెక్టార్లకు మించకుండా విభజించారు. ఈ వివాదంపై 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. విడివిడిగా చిన్నవైన లీజుల ప్రభావం కలిసినప్పుడు తీవ్రం కావచ్చునని గుర్తించి, ఐదు హెక్టార్ల లోపు లీజులకు, వాటి పునరుద్ధరణకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి చేసింది.

తీర్పు తరువాతి పరిణామాలు:

2016 జనవరి 15 నాటి నోటిఫికేషన్ ఐదు హెక్టార్ల వరకు అనుమతిచ్చే బాధ్యతను జిల్లా స్థాయి సంస్థలకు అప్పగించింది. ఒకే రకం ఖనిజం గల ప్రాంతంలో 500 మీటర్ల లోపు దూరంలో ఉన్న లీజులను ఒకే సమూహంగా పరిగణించాలన్నది. కుమ్మరులు చేతితో మట్టి తీసుకోవడాన్ని, ఊరి చెరువుల పూడికతీతను మినహాయించింది. అవసరానికి తీసే మట్టికీ వ్యాపారానికి తవ్వే మట్టికీ మధ్య గీత గీసిన ప్రయత్నమిది. అయితే చిన్న లీజులకు ప్రజాభిప్రాయ సేకరణ లేకపోవడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018 సెప్టెంబరు 13న ఆక్షేపించి, నోటిఫికేషన్‌ను సవరించాలని ఆదేశించింది.

మినహాయింపుల మార్గం అంతటితో మూసుకుపోలేదు. రోడ్లు, పైపులైన్ల వంటి నిర్మాణాలకు తవ్వే సాధారణ మట్టికి 2020 మార్చి 28 నాటి నోటిఫికేషన్ ముందస్తు అనుమతి అక్కరలేదన్నది. పరిమాణంపై గాని, తవ్వే తీరుపై గాని హద్దు లేని ఆ మినహాయింపును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ముగింపు:

ఆరు మీటర్లు, యాభై మంది, ఐదు హెక్టార్లు అనే సంఖ్యలు పరిపాలనా సౌలభ్యానికి ఏర్పడినవి. ఆచరణలో అవే తప్పుకునే దారులయ్యాయి. 2016 నాటి సమూహ భావన ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు, ఎందుకంటే అది లీజు హద్దును దాటి ప్రాంతాన్ని చూసింది. దుమ్ము, వాననీటి దారి మళ్లింపు, పూడ్చని గుంత ఏ లీజు పత్రంలోని హద్దులకూ లోబడవు. వాటిని భరించేది పక్క పొలం, పక్క ఊరు. కనుక తవ్వకం ఎంత చిన్నదన్న ప్రశ్న కన్నా, అది ఎన్నింటి సరసన చేరుతోందన్న ప్రశ్నే నియంత్రణకు మొదటి ప్రమాణం కావాలి.