సిద్దిపేట రైలుమార్గం: విద్యుదీకరణ ప్రణాళిక

మనోహరాబాద్–కొత్తపల్లి రైలుమార్గం మెదక్, సిద్దిపేట, రాజన్న సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాలను కలుపుతూ తలపెట్టిన 151 కిలోమీటర్ల కొత్త లైను. 2006–07లో మంజూరైనా శంకుస్థాపనకు పదేళ్లు పట్టింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ పునాదిరాయి వేశారు. భూమితో పాటు ఖర్చులో మూడో వంతు రాష్ట్రం భరించేలా ఒప్పందం కుదిరింది. 2023 అక్టోబరు 3న మనోహరాబాద్–సిద్దిపేట మధ్య 76 కిలోమీటర్లను జాతికి అంకితం చేశారు. సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు తొలి రైలు కదిలింది.

అది డీజిల్‌తో నడిచే డెమూ. అదే రోజు నిజామాబాద్ సభలో ధర్మాబాద్–మనోహరాబాద్, మహబూబ్‌నగర్–కర్నూలు విద్యుదీకరణను కూడా ప్రధాని జాతికి అంకితం చేశారు. మనోహరాబాద్ మీదుగా పోయే పాత లైనుకు కరెంటు అందింది, దాని నుంచి చీలిన కొత్త లైను డీజిల్‌తో మొదలైంది! ముందు పట్టాలు, ఆ తర్వాతే కరెంటు అన్నది రైల్వేలో చాలాకాలం సాగిన పద్ధతి.

దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో 1,500 వోల్టుల డీసీతో నడిచింది. 1957లో ఫ్రెంచి రైల్వేల సహకారంతో 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతిని ఎంచుకోవడంతో సబ్‌స్టేషన్ల మధ్య దూరం బాగా పెరిగి, ఖర్చు దిగివచ్చింది. మిగిలిపోయిన 13,675 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ విద్యుదీకరణకు 2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయం వల్లే శాఖా మార్గాల వంతూ వచ్చింది.

ప్రణాళికలో మొదటి ప్రశ్న సబ్‌స్టేషన్ ఎక్కడన్నదే. రాష్ట్ర విద్యుత్ సరఫరా సంస్థ ట్రాన్స్‌కో నుంచి 132 లేదా 220 కిలోవోల్టుల విద్యుత్తును తీసుకుని ట్రాక్షన్ సబ్‌స్టేషన్ 25 కిలోవోల్టులకు దించుతుంది. సాధారణంగా 50, 60 కిలోమీటర్లకు ఒకటి కావాలి. దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. 19 కిలోవోల్టుల కంటే తగ్గితే ఇంజను సరిగా లాగదు. కనుక మనోహరాబాద్ వైపు నుంచి ఇచ్చే కరెంటుతోనే 76 కిలోమీటర్లు నెట్టుకురావడం కుదిరే లెక్క కాదు.

సిద్దిపేట ప్రాంతంలో గ్రిడ్ బలానికి లోటు లేదు. చంద్లాపూర్‌లో రంగనాయకసాగర్ జలాశయానికి నీళ్లెత్తే నాలుగు మోటార్లలో ఒక్కోదాని సామర్థ్యం 134 మెగావాట్ల పైమాటే. ట్రాక్షన్ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం తరచూ 21.6 ఎంవీఏ మాత్రమే. అసలు చిక్కు వేరే ఉంది. రైలు తీగకు ఒకే ఫేజు సరఫరా కావాలి. మూడు ఫేజుల గ్రిడ్ మీద భారం ఒకే పక్కన పడకుండా ఒక్కో సబ్‌స్టేషన్‌ను వేరే ఫేజుల జతకు కలుపుతారు. రెండు సరఫరాలు కలిసే చోట కరెంటు లేని న్యూట్రల్ సెక్షన్ ఉంటుంది. లోకో పైలట్ అక్కడ సర్క్యూట్ బ్రేకర్ తెరిచి, ఉన్న వేగంతోనే రైలును దాటిస్తాడు. అందుకే ఎత్తు మీద, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ సెక్షన్ పెట్టకూడదు. పొలాల మీదుగా సబ్‌స్టేషన్‌కు హైటెన్షన్ లైను లాగడానికి దారి సంపాదించడం మరో పెద్ద పని.

నిర్మాణం తీగలను మోసే స్తంభాల (మాస్టుల) పునాదులతో మొదలవుతుంది. తిన్నని దారిలో రెండు మాస్టుల మధ్య గరిష్ఠంగా 72 మీటర్లు ఉండవచ్చు. పైన క్యాటినరీ అనే ఆధార తీగ, దానికి డ్రాపర్లనే చిన్న తీగలతో వేలాడే రాగి కాంటాక్ట్ వైరు. ఎండకు సాగినా చలికి ముడుచుకున్నా బిగువు మారకుండా చివర్లలో బరువులు కడతారు. వైరును పట్టాల మధ్యరేఖకు అటూ ఇటూ సుమారు 200 మిల్లీమీటర్ల దాకా జరుపుతూ పోతారు. లేకుంటే ఇంజను మీద నుంచి వైరును తాకే పాంటోగ్రాఫ్ ఒకేచోట ఒరిసి గాడి పడుతుంది. దారికి అడ్డొచ్చే కరెంటు లైన్లను ఎత్తడమో భూమిలోకి దించడమో ముందే పూర్తి కావాలి.

రైళ్లు తిరిగే లైనులో ఇదంతా రైళ్లను ఆపే వ్యవధి (బ్లాక్) తీసుకుని, దొరికిన గంటల్లోనే ముగించాలి. పట్టాలు వేస్తున్నప్పుడే మాస్టులు నిలిపితే ఆ ఇబ్బంది ఉండదు, వంతెనల ఎత్తూ ముందే కుదురుతుంది. సిద్దిపేట నుంచి సిరిసిల్ల మీదుగా కొత్తపల్లికి సాగే భాగాన్ని ఆ పద్ధతిలో కట్టడమే సరైనది.