ఒక ఇంటిపేరు – ఒక అక్షరం



ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయవలసిందని సంఘం వారు కోరినారు. పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం, కారంపూడి రణరంగం గుర్తుకు వస్తాయి. వాటిని గురించి పండితులు ఎందరో వ్రాశారు. నేను పండితుడను కాను. ముప్పై ఆరేళ్లు రిజిస్టర్లలో ఇతరుల పేర్లు వ్రాసి పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అందుచేత ఒక పేరు చరిత్రనే వ్రాయ తలపెట్టాను. ఆ ఇంటిపేరు ‘జూలకంటి’. దానికి నేనొక బాకీ పడి ఉన్నాను. అదేమిటో చివర మనవి చేస్తాను.

ఈ ఇంటిపేరు గలవారు ఊరికి నాలుగిళ్లకు మించి కనబడరు. అయినా శాసనసభ వలన రాష్ట్రమంతటికీ తెలిసింది. మాచర్ల నుండి 1999లో జూలకంటి దుర్గాంబ గారు, 2024లో జూలకంటి బ్రహ్మానందరెడ్డి గారు ఎన్నికైనారు. కృష్ణ అవతల మిర్యాలగూడ నుండి జూలకంటి రంగారెడ్డి గారు 1994, 2004, 2009 సంవత్సరాలలో గెలిచారు. పేరు తెలిసిన వారు చాలామందే గాని, దాని అర్థం అడిగితే తడుముకోకుండా చెప్పేవారు తక్కువ.

కన్నా? కల్లా?

‘కంటి’ అనగానే మనకు కన్ను తోస్తుంది. కంటి చూపు, కంటి రెప్ప, ముక్కంటి అంటాము గదా! ఈ పేరు కూడా ఎవరిదో కంటిని బట్టి వచ్చి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ చిరకాలం అలాగే అనుకున్నాను. కాని పిడుగురాళ్ల మండలంలోనే జూలకల్లు అనే గ్రామం ఉన్నది. ఊరి పేరును, ఇంటిపేరును పక్కపక్కన వ్రాసుకుని చూస్తే ముడి దానంతట అదే విడిపోతుంది.

చిన్నప్పుడు మాస్టారు బెత్తం పట్టుకుని వల్లె వేయించిన ఔపవిభక్తికములు గుర్తు తెచ్చుకోండి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) వీటికి సూత్రాలున్నాయి. ఇల్లు, ఇంటి. విల్లు, వింటి. ముల్లు, ముంటి. అదే వరుసలో కల్లు, కంటి. మరొక వరుసలో ఏరు, ఏటి; నాడు, నాటి; వీడు, వీటి. కాబట్టే పల్నాడు పల్నాటి అయింది, కొండవీడు కొండవీటి అయింది. జూలకల్లు జూలకంటి అయింది. ‘జూలకంటి వారు’ అంటే జూలకల్లు వారు అని అర్థం. ఇందులో కన్ను లేదు.

‘కల్లు’ అనగానే కొందరు ముసిముసిగా నవ్వుతారు. ఇది తాటిచెట్టు మీది కల్లు కాదు. ఆ కల్లు ‘కంటి’గా మారదు, కల్లు కుండ అంటాము గాని కంటి కుండ అనము. ఇది రాయి అనే అర్థం గల కల్లు. తమిళంలో కల్, కన్నడంలో కల్లు అన్నా రాయే. మన వాడుకలో రాయి అనే మాట వచ్చి దీనిని వెనక్కు నెట్టింది గాని, పూర్తిగా చంపలేదు. పెళ్లిలో వధువు చేత తొక్కించేది సన్నికల్లు. రాయిలాగా స్థిరంగా ఉండమని ఆ తంతుకు భావం. యుద్ధంలో పడిపోయిన వీరుని పేర నిలిపే శిల వీరగల్లు. ఈ మాట పల్నాటి వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కారంపూడి వీరుల గుడిలో మన వీరులు రాతి రూపంలోనే పూజలందుకుంటున్నారు. ఏటా కార్తీక అమావాస్యకు వారి ఉత్సవం మొదలవుతుంది.

ఓరుగంటి సాక్ష్యం

గుమాస్తా బుద్ధి గనుక నాకు ఒక కాగితం చాలదు, దానికి జతపరచే మరో కాగితం కావాలి. ఆ కాగితం కాకతీయుల రాజధాని ఓరుగల్లు. ఒరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. దానినే సంస్కృతంలో ఏకశిలా నగరం అన్నారు. ఓరుగల్లు నుండి వచ్చిన ఇంటిపేరు ఓరుగంటి. ఇది చాలా ఊళ్లలో ఉన్న ఇంటిపేరే. ఓరుగల్లుకు ఓరుగంటి ఎట్లాగో, జూలకల్లుకు జూలకంటి అట్లాగే. ఒక చోట ‘క’ అన్నది ‘గ’ అయింది, రెండవ చోట ‘క’ గానే నిలిచింది. తేడా అంతే.

ఓరుగల్లుకు, మన సీమకు మరో సంబంధం కూడా ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో కథ నడిచేది ఓరుగల్లు వీధులలో. ఆ వీధులలో పల్నాటి వీరుల కథను పాడేవారి వర్ణన అందులో ఉన్నది. మన కథ అక్కడి దాకా నడిచి వెళ్లిందన్నమాట.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. చివర కంటి, గంటి కనబడిన ప్రతి ఇంటిపేరును రాయి అని తీర్మానించకూడదు. కన్ను కూడా ‘కంటి’ అవుతుంది గదా! ఆ పేరుతో ఊరు కనబడాలి, ఊరి పేరు చివర కల్లు ఉండాలి. అప్పుడే సాక్ష్యం నిలుస్తుంది. మన జూలకంటికి ఆ ఊరు కూతవేటు దూరంలో ఉన్నది.

రాళ్ల సీమ

ఇంకొక ముచ్చట. పిడుగురాళ్ల పేరులోనూ రాళ్లే ఉన్నాయి. జూలకల్లులో పాత మాట కల్లు, పిడుగురాళ్లలో నేటి మాట రాయి. ఒకే మండలంలో రెండు ఊళ్లు ఒకే వస్తువును రెండు మాటలతో చెబుతున్నాయి. చెప్పకేం చేస్తాయి? మనది సున్నపురాతి నేల. పిడుగురాళ్ల అంటే సున్నపు బట్టీలు, మాచర్ల వైపు వెళితే నాపరాళ్లు. నాగలి వేసినా, పునాది తీసినా ముందు పలకరించేది రాయే. ఇక్కడి ఊళ్లకు రాయి పేరు పెట్టడానికి పెద్దలు ఎక్కువ ఆలోచించి ఉండరు.

పేరు ఎప్పుడు పుడుతుంది?

మరొక సంగతి ఆలోచించండి. జూలకల్లులో ఉన్నంతకాలం ఒకరిని ‘జూలకల్లు ఆయన’ అని పిలవవలసిన పని లేదు. అక్కడ అందరూ జూలకల్లు వారే. ఆ మనిషి ఊరు విడిచి వేరే ఊళ్లో కాపురం పెట్టిననాడే, ఎక్కడి నుండి వచ్చారని అడిగితే, ఆ ఊరు పేరు ఇంటి ముందు చేరుతుంది. అంటే ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు ఆ ఊరు వదలిన దానికి గుర్తు. కరువుకో, పెళ్లికో, పొలానికో మూటాముల్లె సర్దుకుని బయలుదేరిన వారు భూమిని వెంట తీసుకుపోలేక, దాని పేరును తీసుకుపోయారు. బమ్మెర పోతన గారికి బమ్మెర, తాళ్లపాక అన్నమయ్య గారికి తాళ్లపాక ఊళ్ల పేర్లే గదా.

ఇంకొకటి. నేడు మనం ‘జూలకల్లు రోడ్డు’, ‘గుంతకల్లు స్టేషన్’ అంటున్నాము. జూలకంటి రోడ్డు, గుంతకంటి స్టేషన్ అనడం లేదు. నోటి వాడుకలో ఆ పాత రూపం పోయింది. ఇంటిపేరులో మాత్రం భద్రంగా ఉన్నది. ఏ తాతలు దీనిని మొదట పలికారో వారి నోటి తెలుగు ఈ నాలుగక్షరాలలో మిగిలింది.

నా బాకీ

ఇక నా సంగతి. 1970ల నాటి మాట. ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన అటెండరుకు సర్వీసు రిజిస్టరు తెరిచే పని నాకు పడింది. ఆయన ఇంటిపేరు జూలకంటి. దరఖాస్తులో సరిగానే ఉన్నది. నా చెవిలో మాత్రం ఓరుగంటి, పుల్లరి సత్యాగ్రహంలో 1922లో ప్రాణాలర్పించిన కన్నెగంటి హనుమంతు గారి ఇంటిపేరు మారుమోగుతున్నవి. ‘గంటి’ కదా ఉండవలసింది, ఇతనికి వ్రాయడం రాదు కాబోలు అనుకుని, ఇంగ్లీషులో ‘కె’ వేయవలసిన చోట ‘జి’ వేశాను. పైగా తప్పు దిద్దానని సంతోషించాను.

ఆయన పదవీ విరమణ చేసి, కొన్నేళ్లకు కాలం చేశారు. రిజిస్టరులో ఒక అక్షరం, మిగతా కాగితాలలో మరొక అక్షరం. కుటుంబ పింఛను దగ్గర అడ్డం పడింది. ఆయన భార్య ఏడు నెలలు తిరిగారు. ఒక చోట ధ్రువీకరణ పత్రం అడిగారు, మరొక చోట అఫిడవిట్ అడిగారు. చివరకు ఎవరో చెప్పగా సలహా కోసం నా ఇంటికి వచ్చి, సంచీలోనుంచి జిరాక్సు కాగితం తీసి ఇచ్చారు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఆ చేతివ్రాత నాది.

“అన్నయ్యగారూ, ఆయన పేరు ఆయనకు రాదంటారా?” అని అడిగింది ఆ తల్లి. ఆమెకు ఏమీ తెలియదు. నాకు మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. తప్పు వ్రాసింది నేనేనమ్మా అని చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మరునాడు ఆమెతో కలిసి వెళ్లి, పొరపాటు నాదని వ్రాసి సంతకం చేసి ఇచ్చాను. రిజిస్టరు తెప్పించి మొదటి పుట తీయించాము. నా ‘జి’ కింద, ఆయన స్వహస్తంతో తెలుగులో చేసిన సంతకం ఉన్నది. వంకరటింకర అక్షరాలు. కాని ‘జూలకంటి’ అని ‘క’ స్పష్టంగా ఉన్నది. అతనికి వ్రాయడం రాదని నేననుకున్నాను. వ్రాయడం రానిది నాకు. బకాయిలతో సహా పింఛను వచ్చింది గాని, ఆ ఏడు నెలలు ఎవరు తిరిగి ఇస్తారు?

ఆ తరువాతనే ఈ పేరు వెంటబడి, దాని పుట్టుక తెలుసుకున్నాను.

సభ్యులకు రెండు మనవులు. మొదటిది, మీ పింఛను పుస్తకంలో, ఆధారులో, బ్యాంకు ఖాతాలో, మీ పేరూ మీ ఇల్లాలి పేరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే మీరుండగానే దిద్దించండి. రెండవది, మీ ఇంటిపేరు ఏ ఊరిదో, దాని అర్థమేమిటో మనవలకు చెప్పండి. అమెరికాలో పిల్లలు ఇంటిపేరును చివరకు జరిపి వ్రాసుకుంటున్నారు. ‘జూలకంటి’ అంటే జూలకల్లుకు చెందిన అని గదా! ఆ మాట తరువాత ఒక మనిషి ఉండాలి. చివరకు జరిపినా ఫరవాలేదు, వెనుక ఒక ఊరున్నదని తెలిస్తే చాలు.

సెలవు.