పందెం అయిపోయాక ఎద్దు ఎక్కడికి పోతుంది?

మొన్న కనుమకి పుట్టింటికి వెళ్ళాం. మా చిన్నది వాళ్ళ మామయ్యతో బండలాగుడు పందెం చూసొచ్చి, "అమ్మా, ఓడిపోయిన ఎద్దుల్ని ఏం చేస్తారు?" అని అడిగింది. నాకు చప్పున జవాబు తోచలేదు. అమ్మ మాత్రం గారెలు వేస్తూ, తల ఎత్తకుండానే "అమ్మేస్తారు" అంది. ఎవరికి అని పిల్ల అడగలేదు. అడిగుంటే మేమిద్దరం మాట మార్చేసేవాళ్ళం.

మా వైపు ఎద్దు కథ నేల దగ్గర మొదలవుతుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. ఆ నేలలో గొర్రు తోలాలన్నా, పత్తి సాళ్ళ మధ్య గుంటక తోలాలన్నా బలమైన పశువు కావాలి. ఒంగోలు జాతి అలా నిలబడింది. పెద్దలు పోయినప్పుడు వాళ్ళ పేరున మంచి కోడెదూడను అచ్చువేసి వదిలేవాళ్ళు. అది ఎవరి చేలో మేసినా కొట్టేవాళ్ళు కాదు. ఆ ఆబోతుల వల్లే ఊళ్ళో మేలైన సంతతి పెరిగింది.

ఈ జాతి సముద్రాలు కూడా దాటింది. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు, అందులోని ఒంగోలు జత అక్కడే అమ్ముడుపోయిందని చెబుతారు. అక్కడ వీటిని మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అంటారు. 1960ల మొదట్లో వెళ్ళిన ఒక ప్రసిద్ధ ఆబోతుకైతే ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరే. 2023లో అక్కడ వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. పుట్టిల్లయిన మన దగ్గర మాత్రం లాం, చదలవాడ ఫారాల్లో జాతిని కాపాడుకోవాల్సిన పరిస్థితి.

మా తాతయ్యకి ఒక జత ఉండేది. వాటికి కుడితి పెట్టేది, చిట్టూ తవుడూ కలిపేది, రాత్రి లేచి గడ్డి వేసేది అమ్మమ్మ. బేరం మాత్రం తాతయ్యదే. ఒకదానికి కాలు పట్టేసి అరకకు పనికిరాకుండా పోయాక, దళారి వచ్చి తోలుకుపోయాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ రెండు కుడితి బానలూ నింపింది. ఆ రెండో బాన చాలా సేపు అలాగే ఉండిపోయింది.

తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, కలుపు మందులొచ్చాయి. అరక తగ్గింది. మగదూడకి మిగిలినవి రెండే దారులు: పందెం, లేదా సంత. పందేనికి ఎక్కిందా, దాని భోగమే వేరు. ఉలవలు, పత్తిగింజలు, రోజూ స్నానం, వ్యాయామం. పళ్ళను బట్టి విభాగాలు, నిమిషాల లెక్కన గడువు, ఎన్ని అడుగులు లాగిందన్నదే గెలుపు. బరిలో దిగాక మాత్రం కేకలు, చెర్నాకోల. అంత ప్రేమగా తినిపించిన చేతులే అంత గట్టిగా కొడతాయి. వయసు మళ్ళినా, గిట్ట దెబ్బతిన్నా భోగం ఆగిపోతుంది.

చట్టాలు లేకపోలేదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుకూ, ఎడ్లబండ్ల పందేలకూ ఎద్దుల్ని వాడకూడదంది. 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న సవరణలు చెల్లుతాయంది. మన రాష్ట్రంలో 1977 గోవధ నిషేధ చట్టం ఆవునీ దూడనీ కాపాడుతుంది. ఎద్దుకి మాత్రం, సేద్యానికీ సంతతికీ ఇక గిట్టుబాటు కాదని ధ్రువపత్రం వస్తే కబేళా దారి తెరుచుకుంటుంది. చాకిరీ చేసినన్నాళ్ళే దానికి రక్ష అన్నమాట.

ఇది మన ఒక్కరి పాపమే అనుకోకండి. ఆస్ట్రేలియాలో గ్రేహౌండ్ కుక్కల పందేలున్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండేళ్ళలో 48,891 నుంచి 68,448 కుక్కల్ని, పరుగు చాలదనో పందేనికి పనికిరావనో చంపేశారని 2016లో విచారణ కమిషన్ తేల్చింది. ప్రభుత్వం జులైలో నిషేధం ప్రకటించి, అక్టోబరులో వెనక్కి తీసుకుంది. అక్కడ కుక్క, ఇక్కడ ఎద్దు. చప్పట్లు కొట్టేటప్పుడు అందరం ఉంటాం, తర్వాతి సంగతి ఎవరికీ పట్టదు.

పందేలు మానెయ్యమని నేను చెబితే మా పుట్టింట్లో ఎవరూ వినరు. ఆ పందేల కోసమైనా ఈ జాతిని పెంచుతున్నామని మా తమ్ముడి వాదన. అందులో కొంత నిజం ఉంది కూడా. అందుకే వాడితో వాదించలేదు. "గెలిచిన డబ్బులో ఏటా కొంత దాని ముసలితనానికి తీసిపెట్టు. చెర్నాకోల ఇంట్లో వదిలి వెళ్ళు" అన్నాను. నవ్వేశాడు. మరదలు మాత్రం నవ్వలేదు. కుడితి పెట్టేది తనే కదా!

బయల్దేరేటప్పుడు మా చిన్నది కొట్టం దగ్గరికెళ్ళి, ఎద్దు గంగడోలు నిమురుతూ, "మామయ్యా, దీన్ని ఎప్పటికీ అమ్మవు కదా?" అని అడిగింది.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. కానీ ఈసారి మేమెవరం మాట మార్చలేదు.