ఎల్‌ఐజీ గోడ మీద ఐదంతస్తులు

పొద్దున్నే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ సందుల్లో నడిస్తే ఇరుకు మెట్ల మీంచి కుర్రాళ్లు దిగుతూనే ఉంటారు. మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు. మెట్ల కింద గ్యాస్ బండలు, నీళ్ల డ్రమ్ములు. పక్కన ఇడ్లీ బండి. గేటు స్తంభం మీద రంగు వెలిసిన నంబరు, దాని ముందు ‘ఎల్‌ఐజీ’. తక్కువ ఆదాయం వాళ్ల కోసం సర్కారు కట్టిన ఇల్లని ఆ మూడక్షరాలకు అర్థం. ఆ చిన్న ఇంటి జాగాలోనే ఇప్పుడు ఐదంతస్తుల హాస్టల్ నడుస్తోంది.

హైటెక్ సిటీ కథను అందరూ 1998 నవంబర్ 22తో, ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుతో మొదలుపెడతారు. అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్ల కథ మాత్రం అంతకు చాలా ముందే మొదలైంది. 1908 మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక, నిజాం సర్కారు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. ఇరుకు బస్తీల స్థానంలో గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టి పేదలకు అద్దెకివ్వడం దాని పనుల్లో ఒకటి. ఆ పనికి వారసురాలిగా తర్వాత హౌసింగ్ బోర్డు వచ్చింది. బోర్డు కూకట్‌పల్లిలో కాలనీ వేసినప్పుడు ఈడబ్ల్యూఎస్, ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని ఇళ్లను ఆదాయాన్ని బట్టి విభజించింది. పేరులో తేడా పెట్టినా అందరినీ ఒకే ఊళ్లో ఉంచింది. ఈ నగరం చేసిన మంచి పనుల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను.

హైటెక్ సిటీ ఉన్న మాదాపూర్ వైపు నడిచిన కథ వేరు. 2001లో 52 చదరపు కిలోమీటర్ల మీద సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. కంపెనీలకు, రోడ్లకు చూపిన శ్రద్ధ ఆ కంపెనీల నేల తుడిచేవాళ్లు, గేటు కాసేవాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటారన్న దాని మీద చూపలేదు.

2006 మార్చిలో భవన నిర్మాణ నిబంధనలను మారుస్తూ జీవో 86 వచ్చింది. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే లెక్కే ఎఫ్‌ఎస్‌ఐ. ఆ జీవోతో హైదరాబాద్‌లో ఆ పరిమితి ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ. ముంబై 1991 నిబంధనలు పాత నగరంలో ఎఫ్‌ఎస్‌ఐని 1.33 దగ్గర కట్టేశాయి. ఇక్కడ ఆ కట్టు లేదు. ఇళ్లు ఎక్కువ కడితే ధర దిగుతుందన్న వాదన ప్రపంచమంతటా వినిపిస్తోంది. దాన్ని నేను కొట్టిపారేయను. ఆ పరిమితి ఉండి ఉంటే ఇక్కడ ధరలు ఇంకా మండేవి.

అయితే ఎత్తుకు హద్దు తీసేసిన సర్కారే నేలను వేలం పాటకు పెట్టింది. 2023 ఆగస్టు 3న కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం ధర 35 కోట్ల దగ్గర మొదలై, ఒక ప్లాటులో ఎకరానికి 100.75 కోట్ల దాకా వెళ్లింది. అమ్మింది హెచ్‌ఎండీఏ. నగర ప్రణాళిక వేసేదీ అదే. నేలకే అంత పోశాక అక్కడ చిన్న ఫ్లాట్ కట్టమని ఏ బిల్డర్‌ను అడుగుతాం?

జంట జలాశయాలను కాపాడటానికి 1996లో 84 గ్రామాలకు పెట్టిన జీవో 111 ఆంక్షలను ఎత్తేస్తే ఇళ్లు చౌకవుతాయని చెప్పేవాళ్లున్నారు. నేను నమ్మను. నేల ఎవరి కోసమో తేల్చకుండా ఇంకాస్త నేల తెరిస్తే అక్కడా పాటే పాడతారు. చెరువులు మాత్రం మళ్లీ రావు.

పేదలకు కట్టలేదని కాదు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. సొంత ఇల్లు దొరకడం చిన్న విషయం కాదు. కానీ కొల్లూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. మాదాపూర్‌లో నాలుగు ఇళ్లలో అంట్లు తోమే మనిషి అంత దూరం నుంచి ఆరింటికల్లా మొదటి ఇంటి తలుపు తట్టాలంటే ఎన్నింటికి లేవాలి?

అందుకే ఐటీ కారిడార్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు, ఆఫీసు బాయ్‌లకు నిజంగా నీడనిస్తున్నవి పాత ఎల్‌ఐజీ జాగాలు, అనుమతుల్లేకుండా లేచిన అయ్యప్ప సొసైటీ లాంటి చోట్ల హాస్టళ్లు. వాటిని మెచ్చుకోలేను. ఒక కుటుంబం లెక్కన వేసిన డ్రైనేజీ మీద యాభై మంది బతుకుతున్నారు, నిప్పంటుకుంటే దిగడానికి ఒకటే మెట్ల దారి. అయినా సర్కారు చిన్న జాగాలు చిన్నవాళ్లకు ఇచ్చింది కాబట్టే నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అక్కడ ఓ మంచం అద్దెకు దొరుకుతోంది.

2025లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నాలుగో ఫేజ్‌లో బోర్డుకు చెందిన 7.8 ఎకరాలకు వేలం జరిగింది. ఎకరం 70 కోట్లకు పోయింది. పాట పెట్టింది హౌసింగ్ బోర్డే.