సర్వే నంబరు లేని చరిత్ర

కీసరగుట్ట మీద ఒక బండపై పొట్టి శాసనం ఉంది. ‘తొలుచువాన్డ్రు’ అన్న ఒక్క మాట. రాళ్లు తొలిచే పనివాళ్లు తమ ఉనికిని చెక్కి వెళ్లిన గుర్తు అది. విష్ణుకుండినుల కాలానిదని, అయిదో శతాబ్దపుదని పరిశోధకుల అంచనా. అదే గుట్ట దగ్గర రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే ఇటుక గుళ్లు, కోటగోడల ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కణ్నుంచి దక్షిణంగా ఘట్‌కేసర్ వైపు వస్తే వరంగల్ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు, పోచారంలో ఇన్ఫోసిస్, దారికి రెండు వైపులా వెంచర్ల బోర్డులు. ఒకప్పుడు ఎకరాల్లో చెప్పిన భూమిని ఇప్పుడు గజాల్లో చెబుతున్నారు. ప్రతి గజానికీ ఒక సర్వే నంబరు, ఒక యజమాని, ఒక దస్తావేజు ఉన్నాయి. ఇదే నేలమీద ఉన్న పాత గుళ్లకు, బండలకు, శాసనాలకు అలాంటి రికార్డు ఎంతమేరకు ఉంది? రక్షిత కట్టడాల జాబితా అనే ప్రభుత్వ పత్రం ఎలా పుట్టిందో, ఎక్కడ ఆగిందో చూస్తే జవాబు దొరుకుతుంది.

తెలుగునాట ఈ కథ కాలిన్ మెకంజీ దగ్గర మొదలవుతుంది. ఆయన వృత్తి భూముల కొలత. 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమిని కొలవడానికి వెళ్లిన ఊళ్లోనే కరణాల దగ్గరున్న కవిలెలు తిరగేయించి, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి అన్నవి రాయించాడు. ఆ పని భుజాన వేసుకున్నది కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి. అలా పోగయినవే కైఫీయతులు. అవి ఎక్కువగా కోస్తా, దత్తమండలాల ఊళ్లవి. నిజాం ఇలాకాకు ఆ భాగ్యం అంతగా దక్కలేదు. అయినా ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆనాడు నేల కొలతా, నేల చరిత్రా ఒకే మనిషి చేతిలో ఒకే పనిగా సాగాయి. తర్వాత ఆ రెండూ విడిపోయాయి. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఈనాడు మన ఉప్పల్‌లోనే ఉంది. చరిత్ర మాత్రం వేరే శాఖ ఫైళ్లలోకి పోయింది. ఈ విడిపోవడమే తర్వాతి చిక్కులకు మూలమని నా అభిప్రాయం.

1882, 1884లలో రాబర్ట్ సీవెల్ మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రాచీన అవశేషాల జాబితాలు అచ్చువేశాడు. 1900లో హెన్రీ కజిన్స్ నిజాం రాజ్యానికి అలాంటిదే తయారుచేశాడు. పండితులకు అవి నేటికీ పనికొస్తాయి, కానీ జాబితాలో పేరున్నంత మాత్రాన ఒక్క రాయిని కూడా ఎవరూ కాపాడాల్సిన పని లేదు. పేరుకు చట్టం తోడైతే ఏమవుతుందో అప్పటికే బ్రిటన్ చూపించింది. 1882లో చేసిన చట్టానికి స్టోన్‌హెంజ్ సహా కొన్ని ప్రాచీన స్థలాల పట్టికను అక్కడ జతచేశారు. మన దగ్గర కర్జన్ హయాంలో 1904లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం వచ్చింది. అది బ్రిటిష్ ఇండియాకే పరిమితం. ఘట్‌కేసర్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది.

హైదరాబాద్ రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ. అజంతా గుహలు అప్పుడు నిజాం రాజ్యంలోనివే. వాటి చిత్రాలు పెచ్చులూడిపోతుంటే ఇటలీ నుంచి నిపుణులను రప్పించి నిలబెట్టిన ఘనత ఆ శాఖది. 1337 ఫసలీలో, అంటే 1927-28 ప్రాంతంలో, రాజ్యానికి సొంత పరిరక్షణ చట్టం కూడా వచ్చింది. శాఖ చూపు అజంతా, ఎల్లోరా, బీదర్, ఓరుగల్లు వంటి మహా నిర్మాణాల మీద నిలిచింది. ఊరి బురుజు, పొలంగట్టు మీది వీరగల్లు ఆ చూపులో పెద్దగా పడలేదు. తొలిరోజుల శాఖను అందుకు తప్పుపట్టలేం. తర్వాతి తరాలు కూడా అదే చూపుతో ఉండిపోవడం మాత్రం లోపమే.

స్వాతంత్ర్యం తర్వాత 1951లో పార్లమెంటు ఒక చట్టంతో సంస్థానాల్లోని ప్రసిద్ధ కట్టడాలను జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించింది. దాని షెడ్యూలులో జిల్లా, ఊరు, కట్టడం పేరు వరుసగా ఉంటాయి. ఎంత నేల, ఏ హద్దులు అన్న వివరం లేదు. ఈ లోపం ఎంత ఖరీదైనదో అరవై ఏళ్ల తర్వాత తేలింది. 1958లో ఇప్పటికీ అమల్లో ఉన్న కేంద్ర చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చట్టం వచ్చాయి. కేంద్ర చట్టం దృష్టిలో కనీసం 100 ఏళ్లు నిండినదే ప్రాచీన కట్టడం.

జాబితాలో పేరు చేరే క్రమం ఇదీ. ముందు ప్రభుత్వం గెజిట్‌లో తన ఉద్దేశం ప్రకటిస్తుంది. ఆ నోటీసు ప్రతిని కట్టడం దగ్గర అందరికీ కనిపించేలా అంటిస్తారు. అభ్యంతరాలకు రెండు నెలల గడువు. వచ్చిన అభ్యంతరాలు పరిశీలించాక తుది ప్రకటన. ఆ ప్రకటనకు జతచేసే పట్టికలో జిల్లా, తాలూకా, ఊరు, కట్టడం పేరుతో పాటు రక్షణ కిందికి వచ్చే సర్వే నంబర్లు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు, యాజమాన్యం కూడా ఉంటాయి. చదివేవారికి విసుగు పుట్టించే పట్టికే అది, కానీ రేపు కోర్టులో నిలబడేది అదొక్కటే. గుడి శిల్పం ఎంత గొప్పదో వర్ణించే పది పేజీల కన్నా ‘తూర్పున సర్వే నంబరు ఫలానా’ అన్న ఒక్క వరుస ఎక్కువ కాపాడుతుంది.

ప్రతి దేశంలోనూ జాబితా ఒకేలా పనిచేయదు. అమెరికాలో 1966 చట్టంతో వచ్చిన జాతీయ రిజిస్టర్ ముఖ్యంగా ఒక గుర్తింపు. ప్రభుత్వ సొమ్ము, అనుమతి లేని పనుల్లో సొంతదారు తన భవనాన్ని కూల్చుకుంటానంటే ఆ రిజిస్టర్ ఒక్కటే ఆపలేదు. మన జాబితా గుర్తింపుతో ఆగదు, కట్టడిచేస్తుంది. 1992 నుంచి కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణ ఈ హద్దులను చట్టంలోకే ఎక్కించి జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థను ఏర్పాటుచేసింది. ఇంత బలమైన రక్షణ తెలంగాణలో చార్మినార్, గోల్కొండ, ఓరుగల్లు కోట, రామప్ప వంటి కొద్ది చోట్లకే ఉంది. ఘట్‌కేసర్ మండలంలో ఆ జాబితాకెక్కిన కట్టడం ఒక్కటీ లేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏదులాబాద్ గోదాదేవి ఆలయం లాంటి గుళ్లు నిత్యపూజలు జరిగేవి. అలాంటి గుళ్ల వ్యవహారం 1987 దేవాదాయ చట్టం చూసుకుంటుంది. ఆ చట్టం ఆలయాలను ఏటా వచ్చే ఆదాయాన్ని బట్టి వర్గీకరిస్తుంది. గుడి ఆస్తులు, భూములు ఆ శాఖ రిజిస్టరులో నమోదవుతాయి. గుడి వయసు, స్తంభాల పనితనం, గోడమీది శాసనం ఆ లెక్కలో లేవు. భక్తుల విరాళాలతో ‘జీర్ణోద్ధరణ’ పేరిట పాత రాతి మండపానికి పెయింటు వేసినా, శాసనం మీద టైల్స్ అతికించినా దేవాదాయ రిజిస్టరు దృష్టిలో నష్టం జరగనట్టే. భక్తి ఉన్నచోటే చరిత్ర చెరిగిపోవడం నన్ను ఎక్కువగా బాధించే సంగతి.

కట్టడాల నుంచి నగరం వైపు చూపు మళ్లింది 1995లో. ఆ ఏడాది ముంబైలో వారసత్వ నిబంధనలు వచ్చాయి. డిసెంబరులో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ తన జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనను చేర్చుకుంది. 1998లో 130కి పైగా భవనాలతో జాబితా వెలువడింది. ప్రైవేటు దేవిడీలు, కళాశాలలు, ఆసుపత్రులు అందులోకి వచ్చాయి. కూల్చాలన్నా మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సలహాతో అనుమతి తీసుకోవాలి. ఇందులో నాకు అమితంగా నచ్చేది ఒకటుంది: రాళ్లు కూడా ఆ జాబితాకెక్కాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలతో పాటు నాచారానికి పొరుగున మౌలాలి దగ్గరి ఒక శిల కూడా వారసత్వంగా గుర్తింపు పొందింది. కోట్ల ఏళ్ల దక్కన్ గ్రానైటును నగరపాలన వారసత్వమని ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు.

ఆ నిబంధన ఇరవై ఏళ్లే బతికింది. 2015 డిసెంబరులో ఒక జీవోతో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రాష్ట్ర వారసత్వ ప్రాధికార సంస్థ, గ్రేటర్ హైదరాబాద్‌కు ప్రత్యేక కమిటీ అన్న ఏర్పాట్లు అందులో ఉన్నాయి. కానీ పాత జాబితాలోని భవనాలన్నీ కొత్త షెడ్యూళ్లలోకి రాలేదు. శాసనసభకు కొత్త భవనం కోసం 1870 ప్రాంతపు ఎర్రమంజిల్‌ను కూల్చాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఈ ఖాళీ బయటపడింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం వారసత్వ హోదాను, చట్టం చెప్పిన అనుమతుల క్రమాన్ని ప్రభుత్వం పక్కనపెట్టిందని తప్పుపట్టింది. పౌరులు కోర్టుకు వెళ్లగలిగారంటే పాత జాబితాలో ఆ పేరు ఉండబట్టే. రద్దయిన జాబితా కూడా సాక్ష్యంగా పనికొచ్చింది.

జాబితాలో పేరుండీ కట్టడం మాయమైన సందర్భాలూ ఉన్నాయి. 2013లో కాగ్ తనిఖీలో 92 కేంద్ర రక్షిత కట్టడాల ఆచూకీ దొరకలేదు. తర్వాత వెతికితే కొన్ని కనిపించాయి. ఎంతకీ దొరకని వాటిలో 18 కట్టడాలను జాబితా నుంచి తీసేయాలని 2024లో కేంద్రం నిర్ణయించింది. నగరాలు పెరిగి కొన్నింటిని మింగేశాయి. ‘ఫలానా ఊళ్లో సమాధి’ అన్న వర్ణన తప్ప హద్దులు లేకపోవడంతో ఎక్కడ వెతకాలో కూడా తెలియని స్థితి.

ఆ నగరమే ఇప్పుడు తూర్పుకు వస్తోంది. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్‌లో కలిసింది. 2008లో ఏర్పడిన హెచ్‌ఎండీఏ పరిధిలోకి ఘట్‌కేసర్ వచ్చింది. లేఅవుట్ల అనుమతుల కోసం ఈ ప్రాంతంలో ప్రతి చెరువును, ప్రతి నాలాను, ప్రతి రోడ్డును మ్యాపులో గుర్తించక తప్పదు. అదే మ్యాపులో పాత గుడినీ, శాసనమున్న బండనూ గుర్తించమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సర్వేయర్ ఎలాగూ ఆ పొలంలోకి వెళ్తున్నాడు. బొర్రయ్య సోదరులు రెండు శతాబ్దాల కిందట కాలినడకన చేసిన పనిని జీపీఎస్ చేతిలో ఉన్నవాళ్లు చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

ఘట్‌కేసర్, పోచారం, ఏదులాబాద్, కీసర వైపు ఉండేవారికి ఒక మనవి. మీ ఊరి పొలిమేరలో బురుజు, వీరగల్లు, పాడుబడ్డ గుడి, అక్షరాలున్న బండ ఏది కనిపించినా ముందు ఫొటో తీయండి. అది ఏ సర్వే నంబరులో ఉందో ఊరి పటంలో చూసి, నాలుగు దిక్కుల హద్దులు రాసి, హెరిటేజ్ తెలంగాణ శాఖకూ, కలెక్టరుకూ అర్జీ పెట్టండి. అందినట్టు రసీదు తీసుకుని దాచండి. పక్క భూమి అమ్ముడుపోకముందే ఈ పని చేయండి.