ఊరు పోతే పూచీ ఎవరు?

శ్రీశైలం ప్రాజెక్టు అనగానే మనకి మెగావాట్లు, టీఎంసీలు గుర్తొస్తాయి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 వేసవిలో, రిజర్వాయరు నిండకముందే ఊళ్లు ఖాళీ చేయించడానికి సర్కారు పోలీసుల్ని దింపి ఇళ్లు కూలగొట్టించింది. దానికి పెట్టిన పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. లక్ష మందికి పైగా చెదిరిపోయారు.

గుళ్ల విషయంలో మాత్రం ఎంతో శ్రద్ధ చూపించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు మీదికి చేరింది. మనుషులకి దక్కింది నష్టపరిహారం. అదీ 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం. ఆ చట్టం చూపంతా ఆస్తి మీదే. మరి ఇంకొకరి జాగాలో గుడిసె వేసుకుని బతికిన కూలీకి చూపించడానికి ఏముంటుంది? 1986లో జీవో 98 వచ్చింది, నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగం అంది. ఆ ఉద్యోగాల కోసం దశాబ్దాల తర్వాత కూడా ధర్నాలు జరిగాయి.

డబ్బు లెక్కలో ఎక్కడా కనపడని నష్టం ఇంకోటుంది. ఇల్లు పోయినవాడు టౌనుకొస్తే అద్దింటి గుమ్మం ముందు నిలబడాలి. ఓనరు అడిగేవి నాలుగే: ఏం పని చేస్తావు, అడ్వాన్సు ఎంతిస్తావు, మీరేమిట్లు, ఇక్కడ నీకు తెలిసినవాళ్లెవరు? సొంతూళ్లో ఆ చివరి ప్రశ్నే ఉండదు. ఫలానా వాళ్లబ్బాయి అంటే చాలు, ఊరే పూచీ. ఊరు మునిగితే ఆ పూచీ కూడా మునుగుతుంది.

ఫిన్లాండ్‌లో 1985లో వై-ఫౌండేషన్ అనే సంస్థ పుట్టింది. మామూలు అపార్ట్‌మెంట్లలోనే ఫ్లాట్లు కొని, ఇల్లు లేనివాళ్లకి అద్దెకిస్తుంది. ఓనరు అనుమానాల్ని దాటాల్సిన పని వాళ్లకి ఉండదు. మన దగ్గర 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా అక్కడే బతుకుతున్న కౌలుదార్లనీ కూలీలనీ కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. శ్రీశైలం వాళ్లకి అది ముప్పై రెండేళ్లు ఆలస్యం.

ఇవాళ నగరాల్లో ఫుట్‌పాత్ మీదున్న మనిషి కూడా ఆ గుమ్మం ముందే ఆగిపోతున్నాడు. నైట్ షెల్టర్‌లో చాప దొరికినా ఆ నాలుగు ప్రశ్నలకీ జవాబు దొరకదు. మునిసిపాలిటీయో, ఏదైనా సంఘమో ఓనరుతో కూర్చుని, అడ్వాన్సుకి మేం పూచీ, గొడవొస్తే మాకు ఫోన్ చెయ్యండి అని చెప్పాలి. ఒకప్పుడు ఊరు పైసా ఖర్చు లేకుండా చేసిపెట్టిన పనే ఇది.