చుక్కల విద్య

వంగదేశ సాహిత్యచరిత్రలో సుకుమార్ రాయ్ నామధేయము బాలుర హాస్యకవిగానే ప్రసిద్ధమై యున్నది. ఆయన కవియనుట సత్యమే. కాని ఆ కవి, విద్యార్థిదశలో మిత్రులతో గూడి నడపిన వ్రాతపత్రికకు తానే బొమ్మలు గీసి, పిదప సముద్రములు దాటిపోయి ఛాయాగ్రహణమును, చిత్రముద్రణమును శాస్త్రోక్తముగ నభ్యసించి వచ్చిన సాంకేతికుడు గూడ ననుట మనలో పలువురకు తెలియదు. ఆయన కవిత్వమును ఈ పనితనమునుండి వేఱుచేసి చదువుట న్యాయము కాదని నా దృఢవిశ్వాసము.

ఈ కథకు మూలపురుషుడు తండ్రి యుపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. 1863లో మైమెన్‌సింగ్ మండలమున జన్మించి, చదువునకై కలకత్తా చేరి, అచటనే స్థిరపడిన యీ బహుకళాకోవిదుడు బాలుర కొఱకొక రామాయణమును రచించి, దానికి బొమ్మలు గూడ స్వయముగ గీసెను. ఆ బొమ్మలు కొయ్యదిమ్మెలపై చెక్కబడి యచ్చులో రూపుచెడి వచ్చినవి. ఆ మనస్తాపమే యాయనను ముద్రణశాస్త్రమువైపు మరల్చినది. 1895లో లండనులోని పెన్‌రోజ్ సంస్థనుండి కెమెరాను, తదితర పరికరములను తెప్పించుకొని, ఇంటిలోనే హాఫ్‌టోన్ బ్లాకులు చేయ మొదలుపెట్టెను. దగ్గఱ నుండి నేర్పువారెవ్వరును లేకుండుటచే పుస్తకములే ఆయనకు గురువులైనవి.

ఈ బ్లాకుల మర్మమును కొంచెము వివరింపవలసి యున్నది. అచ్చుయంత్రమునకు సిరా పెట్టుట తెలియును, పెట్టకుండుట తెలియును. ఆ రెంటి నడుమ నుండు బూడిదవన్నె దానికి తెలియదు. మఱి చెక్కిలి వంపున క్రమక్రమముగ చిక్కనగు నీడను కాగితముపై నెట్లు చూపుట? అందులకై రెండు గాజుపలకలపై మిక్కిలి సన్నని గీతలను సమదూరమున గీసి, వానిని నల్లని పదార్థముతో నింపి, గీతలొకదాని నొకటి ఖండించునట్లు పలకలను జతగా నతికించుచుండిరి. ఈ తెరను కెమెరాలోపల నెగటివు పలకకు కొలది యెడముగ నిలిపి, అచ్చువేయదలచిన చిత్రమును ఫొటో తీయుచుండిరి. తెర కన్నులగుండ వచ్చు వెలుగు చుక్కలుగ విడిపోవును. తుదకు అచ్చులో నీడ గాఢమైన చోట చుక్కలు పెద్దవై యొండొంటితో కలిసిపోవును. వెలుగున్న చోట సూదిమొనలంతగ నిలుచును. ఆ చుక్కలను, వాని నడుమనున్న కాగితపు తెలుపును విడదీసి చూడలేక, కన్ను ఆ రెంటిని ఒక్క బూడిదవన్నెగ గ్రహించును. ఈ చుక్కలను వెలుగు సోకిన చోట గట్టిపడు జిగురు పూసిన రాగిరేకుపైకి దింపి, నీట కడిగి, వేడిచేసి, ద్రావకమున ముంచినప్పుడు, జిగురు లేని తావులు కరగి పల్లములగును. చుక్కలు మిట్టలై సిరాను పట్టుకొనును. దినపత్రికల గరుకుకాగితమునకు అంగుళమునకు 65 గీతలకు మించని ముతక తెర చాలుచుండెను; నునుపైన ఆర్టుకాగితమునకు 133 లేక 150 గీతల తెర కావలసి యుండెను.

ఇందు మిక్కిలి కష్టమైనది, తెరను పలకకు ఎంత యెడముగ నుంచవలెనను నిర్ణయము. అనుభవజ్ఞులైన పనివారును ఉజ్జాయింపుగ జరిపి చూచి సరిపెట్టుకొనుచుండిరి. ఉపేంద్రకిశోరుడు దీనిని గణితమునకు లోబఱచెను. కటకపు రంధ్రము, తెరకన్ను, వాని నడుమ దూరము, వీని పరస్పరసంబంధమును లెక్కగట్టి, 1897 మొదలుకొని పెన్‌రోజ్ వార్షికసంచికలో వరుసగ వ్యాసములు వ్రాసెను. కలకత్తాలో నొక ఇంటి గదిలో కూర్చుండి, ఆ విద్య పుట్టిన దేశములవారికి ఆ విద్య రహస్యమును తెలిపిన యాతని ధీశక్తిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును.

ఇట్టి యింట 1887లో జన్మించిన సుకుమారుడు, కెమెరాల నడుమ పెరిగి, 1906లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి భౌతిక, రసాయనశాస్త్రములలో పట్టభద్రుడయ్యెను. కళాశాల విద్య ముగియు ప్రాంతమున బంధుమిత్రులతో నాన్సెన్స్ క్లబ్బను సంఘమును నెలకొల్పి, దాని పక్షమున ‘సాడే బత్రిశ్ భాజా’ అను వ్రాతపత్రికను నడపెను. మన వసతిగృహములలో వ్రాతపత్రికలు వెలయించిన యువకులు ఈ శ్రమ నెఱుగుదురు. ఉన్న ప్రతి యొక్కటే. అది చేతులు మాఱుచు తిరుగవలెను. పద్యమెచట ముగియవలెనో, బొమ్మ కెంత చోటు విడువవలెనో, అంచులెంత యుండవలెనో సర్వమును సంపాదకుడే కంటితో కొలిచి తీర్మానింపవలెను. పుటను ఒక్క చిత్రముగ చూచు దృష్టి ఈ పనివలన నలవడినట్లు మఱి దేనివలనను అలవడదు.

1911లో గురుప్రసన్న ఘోష్ విద్యార్థివేతనమును బడసి సుకుమారుడు ఇంగ్లండునకేగి, లండనులో ఫ్లీట్ వీధి చెంతనున్న బోల్ట్ కోర్టు పాఠశాలలో బ్లాకుల తయారీని, శిలాముద్రణమును అభ్యసించి, అటుపై మాంచెస్టరులోని సాంకేతిక విద్యాలయమున చదివెను. తండ్రి వ్యాసములు వెలువడిన వార్షికసంచికలోనే కుమారుని వ్యాసములును వెలువడినవి. 1922లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆయనను ఫెలోగ నెన్నుకొనెను.

1913లో తండ్రి ‘సందేశ్’ అను బాలుర మాసపత్రికను ప్రారంభించెను. ఆ యేటనే సుకుమారుడు తిరిగివచ్చి, 1915లో తండ్రి గతించిన పిదప దాని సంపాదకత్వమును వహించెను. వారి ‘యు. రాయ్ అండ్ సన్స్’ బ్లాకులతో ప్రవాసి, మాడరన్ రివ్యూ పత్రికలలో వచ్చిన చిత్రములు వంగదేశపు నూతన చిత్రకళను దూరప్రాంతములకు చేర్చినవి. 1924లో మద్రాసున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ‘భారతి’లో వర్ణచిత్రములను చూచి యానందించిన తెలుగు పాఠకులకు, అట్టి పుటల వెనుక నెంత పరిశ్రమ కలదో చెప్పనక్కఱలేదు.

సుకుమారుని ‘ఆబోల్ తాబోల్’లో బాతును ముళ్లపందియు కలిసి యేకదేహమైన జంతువొకటి కలదు. పద్యము పేరు చెప్పును. దేహము బొమ్మలోనే కలదు. ఒకటి లేనిచో రెండవది సగమే. కాలాజ్వరముతో మంచమున నుండియు ఆయన ఆ గ్రంథమునకు పుటల కూర్పు చేసెను. 1923 సెప్టెంబరు 10న మరణించెను. గ్రంథము తొమ్మిది దినములకు వెలువడినది.

అప్పటికి కుమారుడు సత్యజిత్తునకు రెండేండ్లు. తండ్రివద్ద నేర్చుకొను భాగ్యము లేకపోయినను, గార్పార్ రోడ్డులోని యింట బ్లాకుల గదిలోనికి పోయి తన పిచ్చిగీతల కాగితమును ‘సందేశ్’లో వేయుమని పనివానికిచ్చుటయు, అతడు బాలుని ఎత్తుకొని కెమెరా అద్దములో ఆ గీతలు తలక్రిందులుగ కానవచ్చుటను చూపుటయు ఆయన బాల్యస్మృతులలో కలవు. శాంతినికేతనమున చిత్రకళ నభ్యసించి, 1943 నుండి ప్రకటనల సంస్థలో పనిచేయుచు సిగ్నెట్ ప్రెస్ గ్రంథములకు ముఖచిత్రములు కూర్చి, తరువాత ఆంగ్లాక్షరములకు క్రొత్త అచ్చురూపములను గూడ కల్పించిన సత్యజిత్ రాయ్, చలనచిత్రదర్శకుడుగ లోకప్రసిద్ధి పొందిన పిమ్మట ఆగిపోయియున్న ‘సందేశ్’ను 1961లో కవి సుభాష్ ముఖోపాధ్యాయునితో గూడి పునరుద్ధరించి, దానికి కథలు వ్రాయుచు, బొమ్మలును తానే వేయుచుండెను.